చింతచెట్టు మీద కొంగ, ఓక్ చెట్టు మీద కొంగ

(లండన్ చుట్టుపక్కల తెలుగువారి కోసం నడిచే కమ్యూనిటీ రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ వాక్యాలు మాత్రం సరిచేశాం.)



పరిచయంలో నన్ను ఐటీ కన్సల్టెంట్ అన్నారు. భయపడకండి, ఇవాళ కంప్యూటర్ల గురించి మాట్లాడను. పక్షుల గురించి, సీతాకోకచిలుకల గురించి మాట్లాడతాను. చివర్లో మన ఊళ్ళల్లో మన పేరు మీదో, మన అమ్మానాన్నల పేరు మీదో ఉన్న చెట్ల గురించి కూడా ఒక మాట చెప్తాను. వీటికీ వాటికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి.

మేం లండన్‌కి దక్షిణాన, క్రాయిడన్ వైపు ఉండే ఆరు కుటుంబాల వాళ్ళం. సంక్రాంతికీ ఉగాదికీ ఒక హాలు బుక్ చేసుకోవడం, పిల్లల చేత డాన్సులు చేయించడం, బిర్యానీ తిని, మిగిలింది డబ్బాల్లో సర్దుకుని ఇళ్ళకి పోవడం, ఇదీ మా వరస. మీ వరస కూడా ఇంచుమించు ఇదే అయ్యుంటుంది. ఒక్కసారైనా నాలుగు గోడల బయట కలుద్దాం అని మాలో ఒక డాక్టరుగారు పట్టుబట్టారు. ఆవిడకి సీతాకోకచిలుకల పిచ్చి. అలా కిందటి సంవత్సరం జులై మొదటి శనివారం ఒక మినీబస్సు, ఒక కారు వేసుకుని పందొమ్మిది మందిమి బయల్దేరాం. అందరిలోకీ చిన్నవాడికి నాలుగేళ్ళు. అందరిలోకీ పెద్దావిడ మా అమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. శ్రీకాకుళం జిల్లా నుంచి మూడు నెలలుండి పోదామని వచ్చింది.

వెళ్ళింది వెస్ట్ సస్సెక్స్‌లో హోర్షమ్ దాటాక వచ్చే నెప్ ఎస్టేట్‌కి. ఇంగ్లీషులో రాసేటప్పుడు ముందు ఒక 'కె' ఉంటుంది గానీ దాన్ని పలకరు. అలాంటివి మనకి అలవాటేగా.

ఈ నెప్ కథ కొంచెం చెప్పాలి. అది 3,500 ఎకరాల ప్రైవేటు ఎస్టేటు. 1987లో చార్లీ బరెల్ అనే ఆయనకి వారసత్వంగా వచ్చింది. పదేళ్ళకి పైగా పాడి, పంట అన్నీ ఆధునిక పద్ధతుల్లో చేసి చూశారు. నేల సహకరించలేదు. అది బంకమట్టి నేల. వానొస్తే కాలు దిగబడుతుంది, ఎండొస్తే సిమెంటులా గట్టిపడుతుంది. పాత సస్సెక్స్ మాండలికంలో బురదకి ముప్పైకి పైగా మాటలున్నాయంటారు. మనకి బురద, అడుసు, రొంపి, ఒండ్రు ఉన్నట్టే అన్నమాట. చివరికి 2000లో పాడి పశువుల్నీ, ట్రాక్టర్లనీ అమ్మేశారు. పొలాల్ని కొంచెం కొంచెంగా వదిలేస్తూ వచ్చారు. వదిలేయడం అంటే తాళం వేసి వెళ్ళిపోవడం కాదు. పొడుగు కొమ్ముల ఆవులు, ఎక్స్‌మోర్ గుర్రాలు, టామ్‌వర్త్ పందులు, జింకలు, వీటిని స్వేచ్ఛగా తిరగనిచ్చారు. అవి మేసేది మేస్తాయి, తవ్వేది తవ్వుతాయి, తొక్కేది తొక్కుతాయి. పొదలు వాటి ఇష్టం వచ్చినట్టు పెరుగుతాయి. బరెల్ గారి భార్య ఇసబెల్లా ట్రీ ఈ కథంతా 'వైల్డింగ్' అని 2018లో పుస్తకంగా రాశారు.

మొదట్లో చుట్టుపక్కల రైతులకి ఇది అస్సలు నచ్చలేదు. తిండి పండే భూమిని పాడుబెడుతున్నారన్నారు. కలుపు గింజలు మా పొలాల్లోకి ఎగిరొస్తున్నాయన్నారు. ఆ వాదన ఇప్పటికీ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. తిండి ఎక్కడో ఒకచోట పండాలి కదా. నెప్ వాళ్ళు చెప్పేది ఏమిటంటే, ఈ బంకమట్టిలో గోధుమ వేసి నష్టపోవడం కన్నా ఇదే మేలని. మాంసం అమ్మకం, సఫారీలు, క్యాంపింగు, ప్రభుత్వం ఇచ్చే డబ్బు, వీటితో ఎస్టేటు నడుస్తోంది.

ప్రైవేటు భూమిలోకి మనం ఎలా వెళ్ళగలం అని మా వాళ్ళలో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఈ బెరుకు మనలో చాలామందికి ఉంది. ఇరవై ఏళ్ళ బట్టి ఈ దేశంలో ఉంటాం, పన్నులు కడతాం, కానీ పొలంలోకి దారితీసే గేటు కనిపిస్తే ఎవరైనా అరుస్తారేమోనని వెనక్కి తిరుగుతాం. దీనికి సమాధానం పబ్లిక్ ఫుట్‌పాత్. ఇంగ్లండ్, వేల్స్ రెండూ కలిపి దాదాపు 1,40,000 మైళ్ళ దారుల మీద నడిచే హక్కు ప్రజలకి ఉంది. భూమి ఎవరిదైనా సరే, ఆ దారి మీద మీరు నడవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, టిక్కెట్టూ అక్కర్లేదు. గేటు తీస్తే మళ్ళీ వేయాలి, దారి తప్పి పక్కకి పోకూడదు, పశువుల్ని బెదరగొట్టకూడదు. అంతే. నెప్‌లో ఇలాంటి దారులు చాలా ఉన్నాయి. చెట్ల మీద మంచెల్లాంటివి కూడా కట్టారు, ఎక్కి చూడొచ్చు.

పదిన్నరకి నడక మొదలుపెట్టాం. పావుగంట దాకా పిల్లలకి ఏమీ కనబడలేదు. ఎందుకంటే పావుగంట దాకా పిల్లలు మాట్లాడటం ఆపలేదు. అప్పుడు డాక్టరుగారు ఒక పని చేశారు. తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, నాలుగు గజాల గడ్డి చూపించి, "పదిహేను నిమిషాలు ఇక్కడే నిలబడి ఎన్ని రకాలు, ఎన్నెన్ని కనబడితే అన్నీ రాయండి" అన్నారు. పోటీ అనగానే మన పిల్లల సంగతి తెలిసిందే. గప్‌చుప్‌గా నిలబడ్డారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. దాని లెక్కలో మెడో బ్రౌన్ ఇరవై ఆరు, రింగ్‌లెట్ తొమ్మిది, మార్బుల్డ్ వైట్ నాలుగు, రెడ్ అడ్మిరల్ ఒకటి, పెయింటెడ్ లేడీ ఒకటి వచ్చాయి. మార్బుల్డ్ వైట్ అంటే తెలుపు మీద నలుపు గళ్ళు, చదరంగం బల్లలా ఉంటుంది.

ఈ లెక్క ఉత్త ఆట కాదు. బట్టర్‌ఫ్లై కన్జర్వేషన్ అనే సంస్థ 2010 నుంచి ఏటా ఎండాకాలంలో ఇలాగే పదిహేను నిమిషాల లెక్క దేశమంతా జనం చేత కట్టిస్తోంది. 2024లో ఒక్కో లెక్కకి సగటున 7 సీతాకోకచిలుకలే కనబడ్డాయి. అంతకు ముందు ఏడాది 12. అప్పటిదాకా జరిగిన అన్ని లెక్కల్లోకీ అదే తక్కువ. అది చూసే ఆ సంస్థ 'బట్టర్‌ఫ్లై ఎమర్జెన్సీ' అని ప్రకటించింది. ఈ దేశంలో ఉన్నవే 59 రకాలు. మన దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. ఉన్న ఆ కొన్నింటినీ వీళ్ళు ఎంత శ్రద్ధగా లెక్కపెట్టుకుంటారో చూస్తే ముచ్చటేస్తుంది. ఎంత తగ్గాయో తెలియాలంటే ముందు ఎన్ని ఉండేవో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి కదా.

మా అమ్మాయి చూసిన పెయింటెడ్ లేడీ సంగతి ఒక్కటి చెప్తాను. నారింజ రంగు మీద నల్ల మచ్చలుంటాయి, రెక్కల కొసల్లో తెల్ల చుక్కలుంటాయి. ఇది మన దేశంలోనూ ఉంది. ఇక్కడికి వచ్చేవి ఆఫ్రికా నుంచి, స్పెయిన్ మీదుగా, సముద్రాలు దాటుకుని వస్తాయి. ఉష్ణమండల ఆఫ్రికా నుంచి ఆర్కిటిక్ అంచు దాకా పోయి రావడం అంటే 9,000 మైళ్ళు. ఏ ఒక్క సీతాకోకచిలుకా ఆ ప్రయాణం అంతా చేయదు. ఒకటి కొంత దూరం వచ్చి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, దాని పిల్లలు ఇంకొంచెం ముందుకి. అలా ఆరు తరాల దాకా పడుతుంది. ఆకురాలు కాలంలో ఇవి ఏమైపోతున్నాయో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. చివరికి రాడార్లతో చూస్తే, మన కంటికి ఆనని ఎత్తులో గాలివాటం పట్టుకుని వెనక్కి వెళ్తున్నాయని తేలింది. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. 2009లో ఒక్క ఏడాదే కోటీ పది లక్షలు ఈ దేశంలోకి వచ్చాయనీ, రెండు కోట్ల అరవై లక్షలు తిరిగి వెళ్ళాయనీ అంచనా కట్టారు.

ఆ 2009లోనే నెప్‌లో ఒక విశేషం జరిగింది. వదిలేసిన పొలాల్లో తిసిల్ అనే ముళ్ళమొక్క దుబ్బులు దుబ్బులుగా లేచింది. చూడటానికి మన బ్రహ్మదండికి చుట్టంలా ఉంటుంది. పక్క రైతులు గోల పెడుతున్నారు. మందు కొట్టాలా, కోయాలా అని వీళ్ళు తర్జనభర్జన పడుతున్నారు. ఇంతలో పెయింటెడ్ లేడీలు వచ్చి ఆ ముళ్ళమొక్కల మీద గుడ్లు పెట్టాయి. పురుగులు ఆకులన్నీ తినేశాయి. మరుసటేడు తిసిల్ దాదాపు మాయమైంది. అన్నిసార్లూ ఇలా జరుగుతుందని కాదు గానీ, కొన్నిసార్లు తొందరపడకుండా ఉండటం కూడా ఒక పనే.

పన్నెండు గంటలకి అసలు ఘట్టం. పర్పుల్ ఎంపరర్, అంటే ఊదారంగు చక్రవర్తి. నెప్‌కి పేరు తెచ్చిన సీతాకోకచిలుక ఇదే. దీని పురుగు సాలో అనే ఒకరకం విల్లో చెట్టు ఆకులు తింటుంది. పొలాలు వదిలేశాక ఆ తడి బంకమట్టిలో సాలో విత్తనాలు వాటంతటవే మొలిచి అడవైపోయాయి. వాటి వెంట చక్రవర్తి వచ్చాడు. ఎవరూ తెచ్చి పెట్టలేదు. మగవి ఓక్ చెట్ల కొసల్లో కూచుని, అటుగా వచ్చిన ప్రతిదాన్నీ, ఒక్కోసారి పిట్టల్ని కూడా, తరుముతూ ఉంటాయి. మామూలుగా చూస్తే నలుపు. రెక్క ఒక కోణంలో వాలిందంటే మాత్రం ఊదా, నీలం ఒక్కసారి భగ్గుమంటాయి. అది రంగు పూసింది కాదు, రెక్క మీది పొలుసుల అమరిక వల్ల వెలుగు చేసే పని. మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: "నెమలికంఠం పట్టుచీర." పడుగొక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన చీర తిప్పితే ఎలా మారుతుందో సరిగ్గా అలాగే.

ఈ రాజావారు పూల మీద వాలరు. చెట్టు జిగురు, బురద, పేడ, వీటి మీదే ఆయన మక్కువ. బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని అక్కడే నిలబడున్న ఒక పెద్దాయన పిల్లలకి ఇవన్నీ ఓపిగ్గా చెప్పాడు. వీటిని కిందకి దింపడానికి కొందరు ఆగ్నేయాసియా వాళ్ళు వాడే రొయ్యల ముద్ద పెడతారు అని కూడా చెప్పాడు. మా మినీబస్సు బృందంలో ఒక ఆంటీగారు వెంటనే సంచి తెరిచారు. "ఎండు రొయ్యల పొడి ఉంది, పనికొస్తుందా?" పెరుగన్నంలో నంజుకోవడానికి తెచ్చారట. ఆ పెద్దాయన మూత తీసి వాసన చూసి, కళ్ళు తుడుచుకుని, "ప్రయత్నించి చూద్దాం" అన్నాడు. ఒక చెంచాడు రాయి మీద పెట్టాం. పందొమ్మిది మందిమీ ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాం. చక్రవర్తి దిగాడు. మా రొయ్యల పొడిని ఒకసారి చుట్టి చూసి, పది గజాల అవతల గుర్రపు లద్దె మీద వాలాడు. గుంటూరు కారం కొంచెం తగ్గించాల్సింది అని ఆంటీగారు ఇప్పటికీ అంటుంటారు. మిగిలిన పొడి ఎత్తి సంచిలో వేసుకున్నాం లెండి, అక్కడ వదలలేదు.

కోకిల కూస్తుందా అని ఎవరో అడిగారు. ఇక్కడి కుకూ, మన కోకిల ఒకటి కావు. పరాయి గూట్లో గుడ్డు పెట్టే బుద్ధి మాత్రం రెండింటికీ ఉంది. జులై వచ్చేసరికి పెద్ద కుకూలు ఈ దేశం వదిలి ఆఫ్రికా దారి పట్టేసి ఉంటాయి. 2011 నుంచి వీటి వీపున చిన్న ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తున్నారు. కొన్ని ఇటలీ మీదుగా వెళ్తాయి, కొన్ని స్పెయిన్ మీదుగా. స్పెయిన్ దారి పట్టినవి ఎక్కువగా చచ్చిపోతున్నాయని 2016లో తేల్చారు. దూరంలో ఒక టర్టిల్ డవ్ మాత్రం వినిపించింది. పిల్లి గుర్‌గుర్‌మన్నట్టు కూసే గువ్వ. 1970 నుంచి చూస్తే ఈ దేశంలో నూటికి తొంభై ఎనిమిది వంతులు పోయాయి. ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్‌లలో 2021 నుంచి కొన్ని సీజన్ల పాటు దీని వేట ఆపేశారు. ఆ కొద్దికాలంలోనే పశ్చిమ యూరప్‌లో వీటి సంఖ్య పెరగడం మొదలైంది. వదిలిపెడితే తిరిగొస్తాయి అనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

పులిహోర, పెరుగన్నం అయ్యాక కొంగల దగ్గరికి వెళ్ళాం. ఒక పెద్ద ఓక్ చెట్టు కొసన కట్టెపుల్లల గూడు, మంచమంత ఉంది. అందులో ఎగరడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు, పక్కన తల్లి. తెల్లటి ఒళ్ళు, నల్ల రెక్కల అంచులు, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు. వైట్ స్టార్క్. చుట్టూ నలభై మంది దాకా జనం, టెలిస్కోపులు, పొడుగు లెన్సుల కెమెరాలు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, గుళ్ళో ఉన్నట్టు ఉంది.

వాళ్ళకి అంత అపురూపం కావడానికి కారణం ఉంది. బ్రిటన్‌లో కొంగ గూడు కట్టినట్టు దొరికే పాత ఆధారం 1416 నాటిది, ఎడిన్‌బరాలో సెయింట్ జైల్స్ చర్చి మీద. ఆ తర్వాత 600 ఏళ్ళు లేదు. పోలండ్‌లో దెబ్బలు తగిలి, కోలుకున్న కొంగల్ని వార్సా జూ నుంచి తెప్పించి, ఇక్కడ పెద్ద ఆవరణల్లో పెంచి, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే 2020లో మొదటిసారి నెప్‌లో గుడ్లు పిల్లలయ్యాయి. అక్కణ్ణించి ఎగిరిన పిల్లలు కొన్ని స్పెయిన్‌కీ, మొరాకోకీ వెళ్ళొస్తున్నాయి. 2030కల్లా దక్షిణ ఇంగ్లండ్‌లో యాభై జంటలు ఉండాలన్నది ఈ ప్రాజెక్టు ఆశయం. స్పెయిన్‌లో చర్చి గోపురాల మీద, కరెంటు స్తంభాల మీద కొంగ గూళ్ళు మామూలే. ఇక్కడ మాత్రం ఒక్క గూడు చూడటానికి టిఫిన్ కట్టుకుని వస్తారు.

సరిగ్గా ఆ నిశ్శబ్దంలో తండ్రి కొంగ వచ్చి వాలింది. రెండూ మెడలు వెనక్కి వంచి ముక్కులు టకటకలాడించాయి. వీటికి గొంతు లేదు, ముక్కుతోనే పలకరింపు. ఆ చప్పుడు వినగానే మా అమ్మ మడత కుర్చీలోంచి లేచింది.

"ఒరే, ఇవి కొంగలు కావేటి? మన చింతచెట్ల మీద లేవేటి? దీనికోసమా ఇంతదూరం తీసుకొచ్చారు?"

ఆవిడేమంటున్నారు అని ఆ పెద్దాయన అడిగాడు. చెప్పాను. ఆయన టెలిస్కోపు వదిలేసి అమ్మ పక్కన కూచున్నాడు. నేను దుబాసీని. మీ ఊళ్ళో ఎన్ని గూళ్ళున్నాయి అని అడిగాడు.

"లెక్కెట్టలేదు. లెక్కెట్టుకోడానికి అవేటి అప్పులా?"

వాటిని కాపాడటానికి డబ్బెవరిస్తారు అని అడిగాడు.

"ఎవులూ ఇవ్వరు. పిల్లలు రాళ్ళు రువ్వితే మా మావ ఊరుకునీవోడు కాదు. అంతే."

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురం పేరు మీలో కొందరు విని ఉంటారు. ఏటా ఆకురాలు కాలంలో అక్కడికి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరాక ఎండాకాలం ముందు వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని పేపర్లలో రాస్తుంటారు గానీ, ఈ రెండు పక్షులూ మన దేశానివే. నీళ్ళనీ చేపల్నీ బట్టి చోటు మారుతుంటాయి, అంతే. అవి వస్తే వానలు బాగా పడతాయి, పంటలు బాగుంటాయి అని జనం నమ్మకం. మా ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. మాకు చెరువు గట్టు మీద నాలుగు చింతచెట్లున్నాయి. నా చిన్నప్పుడు వాటి మీద గూళ్ళుండేవి, ఇప్పటికీ ఉన్నాయి.

ఇదంతా ఏదో స్వర్గంలా చెప్పడం నా ఉద్దేశం కాదు. కొంగల చెట్టు కింద నిలబడితే చేపల కంపు కొడుతుంది. రెట్టలతో ఆకులు తెల్లబడిపోతాయి. కొంగపిల్లలు ఎగిరిపోయేదాకా మా తాతగారు చింతపండు రాలగొట్టనిచ్చేవారు కాదు. ఆ లోపల సగం కాయ పాడయ్యేది. ఆ నష్టం ఎవరూ పూడ్చలేదు. ఆయన దాన్ని నష్టం అనుకున్నట్టు కూడా నాకు గుర్తులేదు.

ఆ పక్షులకి చెట్టు ఒక్కటీ చాలదు, తిండి కావాలి. అది నౌపడ వైపు చిత్తడి నేలల్లో దొరుకుతుంది. మా జిల్లాలో ఇలాంటి నేలల్ని బీల అంటారు. కాగితాల మీద బంజరు. అలా బంజరన్న చోటే థర్మల్ కేంద్రాలు తలపెట్టారు. 2010 జులైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో బీలని కాపాడుకుందామని నిలబడ్డ జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. వాళ్ళు కొంగల కోసం నిలబడలేదు. చేపల కోసం, వరి కోసం, గేదెల మేత కోసం నిలబడ్డారు. కానీ వాళ్ళ తిండీ కొంగల తిండీ ఒకే నీళ్ళల్లో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటల్ని నేలమట్టం చేసింది. పెద్ద చెట్టు పోతే మళ్ళీ అంతటిది కావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో మావాళ్ళకి అప్పుడు తెలిసొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మేం నెప్‌కి వెళ్ళడానికి రెండు వారాల ముందు అన్నయ్య ఊరి నుంచి ఫోన్ చేశాడు. చెరువు పక్క మా చేను రొయ్యల చెరువుకి లీజుకి అడుగుతున్నారు. మంచి రేటు. కాకపోతే గట్టు వెడల్పు చేయాలి, చింతచెట్లు కొట్టాలి. రొయ్యల చెరువు పక్కన కొంగలుంటే ఎవరికి కావాలి? అన్నయ్యని తప్పుపట్టడానికి లేదు. ఊళ్ళో ఉండి చాకిరీ చేస్తున్నది వాడు. వరిలో మిగిలేది ఎంతో మీకు తెలుసు. వాడికి ఇద్దరు పిల్లల కాలేజీ ఫీజులున్నాయి. అమ్మ పేరు మీద భూమి కాబట్టి సంతకం అమ్మది. నన్ను అడగడం మర్యాదకి. "నువ్వేమంటావు?" అంటే "మీ ఇష్టం అన్నయ్యా" అనడం మన ఎన్నారైలకి అలవాటైన జవాబు.

నెప్ నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఏ24 రోడ్డు దాటాక, "ఆరొందల ఏళ్ళు అన్నాడు కదురా ఆయన?" అంది. అవునన్నాను. "పోయినవి రప్పించుకోడానికి మరి ఎంత ఖర్చయిందో" అంది. ఇంకేం అనలేదు.

ఆ రాత్రి అన్నయ్యకి అమ్మే ఫోన్ చేసింది. వాళ్ళిద్దరి మధ్యా మాటలు గట్టిగానే జరిగాయి. కొంగలకి పెట్టే తిండి నా పిల్లలకి పెట్టమన్నాడు. అందులో అబద్ధం లేదు. నాలుగు రోజులు అందరం మాట్లాడుకుని ఒక దారికి వచ్చాం. చేను లీజుకిచ్చాం, గట్టూ చెట్లూ మినహాయించి. దాంతో లీజు డబ్బు తగ్గింది. ఆ తగ్గింది ఏటా నేను పంపుతున్నాను. ఎంతో అనుకునేరు. ఇక్కడ నా స్టేషన్ పార్కింగుకయ్యే దానికన్నా తక్కువే. ఆ మాట లీజు కాగితంలో స్పష్టంగా రాయించాం. రాయకపోతే గాలికి పోతుందని అమ్మే పట్టుబట్టింది.

ఇది శాశ్వత పరిష్కారం అని నేను చెప్పను. అమ్మ తర్వాత ఏమవుతుందో ఆలోచించుకోవాలి. పక్క చేలన్నీ రొయ్యల చెరువులైతే కొంగలకి తిండెక్కడ అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. నాలుగు చెట్లతో అది తీరదు. కానీ చెట్లు లేకపోతే ఆ ప్రశ్నే ఉండదు. కిందటి చలికాలం అన్నయ్య కూతురు మిద్దెక్కి ఫోన్‌తో ఫోటోలు తీసి గూళ్ళు లెక్కపెట్టింది. పదమూడు. మా ఊరి కొంగల్ని ఎవరైనా లెక్కపెట్టడం బహుశా అదే మొదలు. మా అమ్మాయి ఆ సంఖ్య తన మార్బుల్డ్ వైట్‌ల పక్కనే నోటుబుక్కులో రాసుకుంది.

ఈ సంగతి రేడియోలో ఎందుకు చెప్తున్నానంటే, నెప్‌లో చక్రవర్తి ఎగరడానికీ, మా గట్టు మీద కొంగ వాలడానికీ వెనకాల ఉన్నది ఒకటే. భూమి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు తీసుకున్న నిర్ణయం. మనకి 3,500 ఎకరాలు లేవు. కానీ ఈ కార్యక్రమం వింటున్న వాళ్ళలో చాలామందికి ఊళ్ళో ఒక ఎకరమో, ఒక పెరడో, ఒక గట్టు ముక్కో ఉంటుంది. దాని గురించి నిర్ణయాలు వాట్సాప్‌లో అయిపోతున్నాయి, లేఅవుట్‌కో, చెరువుకో, పవర్ ఆఫ్ అటార్నీ మీద. వద్దనండి అని చెప్పడానికి నేనెవర్ని? ఒక్క ప్రశ్న మాత్రం అడగండి. "అక్కడ చెట్లెన్ని ఉన్నాయి, వాటి మీద ఏం ఉంటున్నాయి?" అని. జవాబు తెలిశాక మీ ఇష్టం. చెట్లు ఉంచడం వల్ల ఊళ్ళో ఉన్నవాళ్ళకి నష్టం వస్తే, ఆ నష్టంలో మన వాటా మనం పెట్టుకోవాలి. అక్కడుండే వాళ్ళు ఒక్కళ్ళే ఎందుకు భరించాలి?

ఇకపోతే, ఇక్కడ కూడా బయటికి వెళ్ళండి. పెద్ద ఖర్చేం లేదు. ఎనిమిది రెట్లు పెద్దవిగా చూపించే మామూలు బైనాక్యులర్స్ ఇంటికొకటి చాలు. గడ్డిలో పిడుదులుంటాయి కాబట్టి పొడుగు ప్యాంట్లు, మేజోళ్ళు వేసుకోండి, ఇంటికొచ్చాక పిల్లల కాళ్ళు ఒకసారి చూడండి. పిట్ట కూత వింటే పేరు చెప్పే మెర్లిన్ అనే యాప్ ఉచితం. పేర్లు ఇంగ్లీషులో తెలిస్తే సరిపోదు, తెలుగువి అమ్మానాన్నల్ని అడిగి రాసుకోండి. కాలవ ఒడ్డున బూడిదరంగులో ఒంటికాలి మీద నిలబడే గ్రే హెరన్ మన నారాయణపక్షే. కింగ్‌ఫిషర్ మన లకుముకి పిట్టే. రెండు దేశాల్లోనూ అవే జాతులు. తెల్ల కొంగల్లో ఒక రకం, లిటిల్ ఈగ్రెట్, దక్షిణం నుంచి తనంతట తానే ఇక్కడికొచ్చి 1996లో డార్సెట్‌లో మొదటిసారి గూడు పెట్టింది. ఇప్పుడు ఈ దేశపు పక్షే. దాన్ని వీసా ఎవరూ అడగలేదు.

వచ్చే జూన్ ఆఖర్లో మళ్ళీ నెప్ వెళ్తున్నాం. రావాలనుకున్న వాళ్ళు కార్యక్రమం వాళ్ళకి ఒక మాట చెప్పండి. పులిహోర మేం తెస్తాం. ఎండు రొయ్యల పొడి మాత్రం దయచేసి ఇంట్లోనే వదిలి రండి.